తలుపు స్విచ్చికి నేను కట్టిన వైరు

లేజర్ ల్యాబులో ఎవరికైనా దెబ్బ తగిలితే పెద్దలు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "కళ్ళద్దాలు పెట్టుకున్నాడా?" రెండో ప్రశ్న అడగరు. ఆ అద్దాలు ఎవరిచ్చారు, ఎలాంటివిచ్చారు, వెలుగు ఆగి ఉండాల్సిన గదిలో వెలుగు ఎందుకుంది అని అడగరు. అడిగితే జవాబు వాళ్ళ కుర్చీ దాకా వస్తుంది.

నేను లేజర్లు నడిపి రిటైరైన మనిషిని. పేరు మస్తాన్ వలి. సొంతూరు పిడుగురాళ్ల. మా నాన్న సున్నపు బట్టీలో పనిచేసేవాడు. నేను గుంటూరులో డిప్లొమా చదివి, ఒక పరిశోధన సంస్థలో టెక్నికల్ అసిస్టెంటుగా చేరి, అక్కడే జుట్టు నెరిసి బయటికొచ్చాను. సంస్థ పేరు రాయను. నరసరావుపేట వైపు, మిరప చేలకూ పత్తి చేలకూ మధ్య ఉంటుందని చెబితే చాలు. ఈ మధ్య మన జిల్లాల పిల్లలు కొందరు ఈ రంగంలోకి వస్తూ, "మీ అనుభవాలు చెప్పండి సార్" అని ఫోన్ చేస్తున్నారు. ప్రమోషన్ల గురించీ సన్మానాల గురించీ చెప్పడానికి వేరేవాళ్ళున్నారు. నేను కోటేశ్వరరావు కంటి సంగతి చెబుతాను. అందులో నా తప్పుంది. దాన్నీ దాచను.

పని ఏమిటంటే

ఎలక్ట్రాన్లను బాగా వేగంగా పరిగెత్తించాలంటే మామూలుగా చాలా పొడవైన యంత్రాలు కావాలి. మా పద్ధతిలో ఆ పరుగంతా బియ్యపు గింజంత దూరంలో అయిపోతుంది. గాలి తీసేసిన ఒక ఉక్కు పెట్టెలోకి సన్నటి నాజిల్‌తో హీలియం చిమ్ముతాం. సరిగ్గా ఆ క్షణానికి, రెప్పపాటులో కోటో వంతు కూడా ఉండని లేజర్ వెలుగును వెంట్రుక కంటే సన్నగా చేసి దాని మీద కొడతాం. ఆ దెబ్బకు పరమాణువుల్లోంచి ఎలక్ట్రాన్లు విడిపోతాయి. అదే ప్లాస్మా. కృష్ణలో లాంచీ పోతే వెనక అల లేచినట్టు, ఆ ప్లాస్మాలో లేజర్ వెనక ఒక అల లేస్తుంది. కొన్ని ఎలక్ట్రాన్లు ఆ అల మీదికెక్కి దూసుకుపోతాయి.

అవి ఎంత వేగంతో వచ్చాయో చూడడానికి దారిలో ఒక పెద్ద అయస్కాంతం పెడతాం. అది ఎలక్ట్రాన్ల దారిని వంచుతుంది. నెమ్మదిగా వచ్చేవి ఎక్కువ వంగుతాయి, జోరుగా వచ్చేవి తక్కువ. వెనకున్న తెర మీద అవి తగిలిన చోట చుక్క వెలుగుతుంది. చుక్క ఎక్కడ పడిందో చూసి శక్తి లెక్కకడతాం.

వినడానికి గొప్పగా ఉంటుంది. రోజూ చేసేది మాత్రం దుమ్ముతో కొట్లాట. మిర్చి కోతల కాలంలో మా గాలి ఫిల్టర్లు ఎర్రగా మారేవి. పత్తి తీతల కాలంలో దూది పోగులు. అద్దం మీద ఒక్క పోగు వాలినా లేజర్ దాన్ని మాడుస్తుంది, మాడిన చోట అద్దానికి మచ్చ పడుతుంది. ఒకసారి మా అధిపతి డాక్టర్ రామనాథం గారు ఎవరో నాయకుణ్ణి, ఆయన వెనక పదిమందినీ తిన్నగా లోపలికి తీసుకొచ్చారు. "చెప్పులు బయట విప్పండయ్యా" అన్నాను. నాయకుడు నవ్వి విప్పాడు. రామనాథం గారికి మాత్రం మొహం మాడిపోయింది. వాళ్ళు వెళ్ళాక నన్ను పిలిచి, "అద్దం పోతే ఇంకోటి కొంటాం. వాళ్ళ మనసు విరిగితే ఏం చేస్తావు?" అన్నారు. ఆయన తెలివిలేనివాడని నేననను. అసాధ్యుడు. ఆ తెలివంతా చూడ్డానికొచ్చేవాళ్ళ కోసం ఖర్చయిపోయేది.

కదలని చుక్క

ఆ రోజుల్లో మా జట్టులో పద్మజ అని తుళ్లూరు అమ్మాయి పరిశోధన చేసేది. కోటేశ్వరరావు ఫిట్టరు. కనిగిరి దగ్గర పల్లెటూరు అతనిది. ఐటీఐ చదివి కాంట్రాక్టు మీద చేరాడు. అందరం కోటి అనేవాళ్ళం. మా నాజిళ్ళన్నీ లేతు మీద అతను చేసినవే. విదేశాల నుంచి తెప్పించినవి వాయువును గొడుగులా చల్లేవి, కోటి చేసినవి కర్రలా నిటారుగా చిమ్మేవి.

ఒకరోజు తెర మీద మంచి చుక్క పడింది. నడిమధ్యకు కాస్త పక్కగా, బాగా తక్కువ వంగిన చోట. అంటే బాగా జోరైన ఎలక్ట్రాన్లు. రామనాథం గారు ఎగిరి గంతేసినంత పనిచేశారు. పది రోజుల్లో ఢిల్లీ నుంచి పెద్దలు వస్తున్నారు. వాళ్ళ ముందు ప్రకటించేద్దామన్నారు.

పద్మజ ఒక్కతే సందేహపడింది. "అయస్కాంతం ఒకసారి పక్కకి తీసి చూద్దామండి" అంది.

"ఎందుకమ్మా? మళ్ళీ అమర్చడానికి రెండ్రోజులు పడుతుంది."

ఆయన వద్దన్నా ఆదివారం నాడు పద్మజ, కోటి, నేను కలిసి దాన్ని తీశాం. అయస్కాంతం లేకపోతే ఎలక్ట్రాన్లు వంగవు. చుక్క జరిగి నడిమధ్య పడాలి. లేజర్ కొట్టాం. చుక్క పాత చోటే ఉంది. ఒక్క వెంట్రుకవాసి కదల్లేదు.

"అయితే ఇవి ఎలక్ట్రాన్లు కాదు" అంది పద్మజ నీరసంగా.

కోటి తెర ముందు, లేజర్ వెలుగు దాని మీద పడకుండా అడ్డంగా కట్టిన అల్యూమినియం రేకు విప్పి, టార్చిలైటుకు ఎదురుగా పట్టాడు. సూదిమొనంత వెలుగు కనిపించింది. "ఇదిగో సార్ మన రికార్డు" అన్నాడు. ఆ చిల్లులోంచి లేజర్ వెలుగే తెర మీద పడుతోంది. రేకు మార్చాం. చుక్క మాయమైంది.

సోమవారం సంగతి చెబితే రామనాథం గారు థాంక్స్ చెబుతారనుకున్నాను. దేశం ముందు తలొంచుకునే అవస్థ తప్పించాం గదా. ఆయన అడిగింది, "అసలు మిమ్మల్ని ఎవరు తీయమన్నారు?" అని.

తర్వాత, "సరే. వాళ్ళొచ్చేలోగా నిజమైన చుక్క తెప్పించండి" అన్నారు.

"నెలలు పడుతుందండి" అంది పద్మజ.

"ముందు ఏదో ఒకటి చూపిద్దాం. నిదానంగా చేయాల్సింది తర్వాత చేసుకోవచ్చు."

"మా తుళ్లూరులో రాజధాని బొమ్మలు ముందు చూశామండి. తర్వాత అనేది ఎంత పొడుగుంటుందో మాకు బాగా తెలుసు."

ఆయన వినిపించుకోలేదు.

ఆ ఉదయం

లేజర్ గది తలుపుకు ఒక స్విచ్ ఉంటుంది. తలుపు తెరిస్తే చాలు, లేజర్ దారికి అడ్డంగా ఒక పలక పడిపోతుంది. లోపలికి వెళ్ళే మనిషి మీద వెలుగు పడకూడదని ఆ ఏర్పాటు. మళ్ళీ పలక లేపి, వెలుగు కుదురుకునేదాకా ఆగాలి. తొందరలో ఉన్నవాళ్ళకు ఆ ఆగడం భరించలేనిదిగా ఉంటుంది.

పెద్దలు రావడానికి మూడు రోజులుందనగా రామనాథం గారు నాతో అన్నారు: "మస్తాన్, ఆ తలుపు స్విచ్ బైపాస్ చెయ్. వచ్చేపోయేవాళ్ళతో గంటలు పోతున్నాయి."

"కాగితం మీద రాసివ్వండి సార్" అనాల్సింది. అనలేదు. స్విచ్ రెండు కొనలనూ కలుపుతూ జానెడు ఎర్ర వైరు కట్టాను. ఇప్పుడు తలుపు తెరిచినా అది మూసే ఉందనుకుంటుంది యంత్రం. పద్మజ అప్పటికి లైబ్రరీలో ఉంది. కోటి హీలియం సిలిండర్ తేవడానికి వెళ్ళాడు. రాగానే చెబుదామనుకున్నాను. ఈలోగా ఫోను. ఆ ఫోను తర్వాత ఇంకో ఫోను. కోటి వచ్చాడు. నేను చెప్పలేదు.

పదకొండు గంటలప్పుడు నాజిల్ మూసుకుపోయింది. "కోటీ, లోపలికెళ్ళి ఒకసారి చూడు" అన్నాను. ఎప్పుడూ ఎలా అంటామో అలాగే అన్నాను. వైరు సంగతి బుర్రలోనే లేదు.

అతను కళ్ళద్దాలు అడిగాడు. మా లేజర్ వెలుగు కంటికి సరిగా ఆనదు, ఎరుపుకు అవతలి వెలుగు. దానికి తగిన అద్దాలు మా దగ్గర రెండే జతలు. రెండూ ఢిల్లీ పెద్దల కోసం తుడిచి పెట్టెలో పెట్టించారు. బల్ల మీద నారింజరంగువి ఉన్నాయి. అవి వేరే పచ్చ వెలుగుకు చేసినవి. మా వెలుగును అసలు ఆపవు. అవే తీసి ఇచ్చాను.

"ఇవి కాదు గదా సార్?"

"ఏవైనా పర్లేదులే. తలుపు తీస్తే బీమ్ ఆగిపోతది గదా."

ఈ మాట నా నోటి నుంచే వచ్చింది. పిల్లలూ, దీన్ని జాగ్రత్తగా చదవండి.

నిమిషం కాలేదు. కోటి కుడికంటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని బయటికొచ్చాడు. "సార్, కంట్లో టప్‌మని ఏదో పేలింది" అన్నాడు. నేను అత్యవసర మీట కొట్టాను. అప్పుడు గుర్తొచ్చింది వైరు. నాజిల్ బిగించే రెంచి నున్నటి అంచు మీద వెలుగు పడి, అక్కణ్ణుంచి అతని కంట్లోకి వెళ్ళింది. ఉక్కు పెట్టె మూత తెరిచే ఉంది; మేం లేజర్‌ను అప్పుడు పూర్తి బలంతో నడపడం లేదు, దారి సరిచూసుకునే చిన్న బలంతోనే నడుపుతున్నాం. కన్ను కాల్చడానికి అది చాలు.

అతను ఎడమకన్ను మూసుకుని నా వైపు చూశాడు. "సార్, మీ చొక్కా కనపడతంది, చెవులు కనపడతన్నయి. మజ్జన మీ మొహం లేదు."

పద్మజ, నేను జీపులో గుంటూరు తీసుకెళ్ళాం. డాక్టరమ్మ చాలాసేపు చూసి, కంటి లోపల సరిగ్గా చూపు నిలిచే చోటే కాలిందని, అది తిరిగిరాదని చెప్పింది. తిరిగొచ్చేసరికి సాయంత్రమైంది. రామనాథం గారు గేటు దగ్గరే ఎదురొచ్చారు. కన్ను ఎలా ఉందని అడుగుతారనుకున్నాను.

"ఆ వైరు తీసేశావా?" అన్నారు.

తీసేశాను. అది నా రెండో తప్పు. మొదటిదాన్ని మతిమరుపని చెప్పుకోవచ్చు. ఇది తెలిసి చేసింది.

రెండు పేజీల రిపోర్టు

ముగ్గురితో కమిటీ వేశారు. నన్ను పిలిచి, "కళ్ళద్దాలు పెట్టుకున్నాడా?" అన్నారు.

"పెట్టుకున్నాడు."

"ఆ లేజర్‌కు సరైనవేనా?"

"కాదు."

అక్కడితో కలం మూసేశారు. తలుపు గురించి ఎవరూ అడగలేదు. అడగలేదు కాబట్టి నేను చెప్పలేదు. "సిబ్బంది సరైన రక్షణ కళ్ళద్దాలు ధరించకపోవడం వల్ల ప్రమాదం జరిగింది" అని రాశారు. సాక్షిగా నేను సంతకం పెట్టాను. ఆ వాక్యంలో అబద్ధం ఒక్కటీ లేదు, చూడండి. అంత శుభ్రమైన దుర్మార్గం నా సర్వీసులో మళ్ళీ చూడలేదు. అబద్ధం రాస్తే ఎప్పటికైనా పట్టుకోవచ్చు. సగం నిజాన్ని ఏం పెట్టి పట్టుకుంటారు?

ఢిల్లీ పెద్దలు వచ్చారు. కంప్యూటర్లో వేసిన రంగుల బొమ్మలు చూశారు. జీడిపప్పు తిన్నారు. వెళ్ళారు. ఆ రెండు జతల మంచి అద్దాలు పెట్టుకుని ఫోటో కూడా దిగారు. లేజర్ ఆపేసి ఉన్న గదిలో!

నెలాఖరుకు కోటి కాంట్రాక్టు పొడిగించలేదు. కారణం ఏం రాశారో తెలుసా? "చూపు లోపించిన వ్యక్తిని లేజర్ ప్రాంగణంలో ఉంచడం భద్రతకు భంగం." కన్ను పోయేదాకా గుర్తురాని భద్రత, కన్ను పోయినవాణ్ణి బయటికి పంపడానికి గుర్తొచ్చింది. ఈనాటికీ ఆ వాక్యం తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

కోటి ఇంట్లో

మూడు వారాల తర్వాత కనిగిరి బస్సెక్కాను. కోటి భార్య రమణమ్మ మంచం వాల్చింది. కోటి మామూలుగానే మాట్లాడాడు. కాసేపటికి తనే అన్నాడు: "ఆ తలుపు స్విచ్ చెడిపోయి ఉంటది సార్. ముందురోజే నేను చూసి ఉండాల్సింది. నా నిర్లక్ష్యమే."

కన్ను పోగొట్టుకున్నవాడు తప్పు తన మీదే వేసుకుంటున్నాడు. ఇంక నేను కూర్చోలేకపోయాను. వైరు సంగతి, కమిటీ సంగతి, సంతకం సంగతి మొత్తం చెప్పేశాను.

కోటి లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. నా కళ్ళ నీళ్ళు చూసి రమణమ్మ అంది: "ఏడవబాక అన్నా. నువ్వేడిస్తే మాకేం వస్తది? ఇక్కడ చెబితే ఈ గోడలకు తెలుస్తది. ఆ కాయితం రాసినోళ్ళ ముందర చెప్పు, పో."

కోటి నన్ను సాగనంపడానికి బయటికి రాలేదు. బస్సు కోసం ఒక్కణ్ణే నిలబడ్డాను.

మర్నాడు నాలుగు పేజీలు రాశాను. పద్మజ దగ్గర ఇంకో సాక్ష్యం దొరికింది. తలుపు దగ్గరి కెమెరా బొమ్మలూ, లేజర్ పలక ఎప్పుడు లేచిందో ఎప్పుడు పడిందో చెప్పే కంప్యూటర్ లెక్కలూ ప్రమాదం జరిగిన సాయంత్రమే కాపీ చేసి పెట్టిందట. కోటి తలుపు తీసుకుని లోపలికెళ్ళిన నిమిషంలో పలక లేచే ఉంది.

"అప్పుడే ఎందుకు బయటపెట్టలేదమ్మా?" అన్నాను.

"వైరు కట్టింది మీరేనని అర్థమైందండి. మీరే చెబుతారేమోనని చూశాను" అంది. ఆ అమ్మాయి వయసు నా వయసులో సగం.

కాగితాలు పైకి పంపేముందు రామనాథం గారు నన్ను గదిలో కూర్చోబెట్టి మెత్తగా మాట్లాడారు. "నీ మెడకు నువ్వే ఉరి వేసుకుంటున్నావు మస్తాన్. నేను బైపాస్ చెయ్యమన్నట్టు నీ దగ్గర కాగితమేమన్నా ఉందా?"

"లేదు సార్. కట్టింది నేను, కట్టమన్నది మీరు. రెండూ రాశాను."

మళ్ళీ కమిటీ వేశారు. ఈసారి బయటి మనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన రెండో ప్రశ్న అడిగాడు, మూడోదీ అడిగాడు. పాత వాక్యం కొట్టేశారు. కోటిని వర్క్‌షాపులోకి తీసుకున్నారు. నన్ను లేజర్ గది నుంచి తీసి స్టోర్సులో వేశారు. అది న్యాయమే, ఇంకా పెద్ద శిక్ష వేసినా న్యాయమే. రామనాథం గారు నోటిమాటగా చెప్పారన్నది రుజువు కాలేదన్నారు. కొన్నాళ్ళకు ఇంకా పెద్ద పదవి మీద వేరే నగరం వెళ్ళిపోయారు. అక్కడ కొత్తగా చేరినవాళ్ళకు భద్రత మీద ఆయనే ఉపన్యాసం ఇస్తారట. బాగా ఇస్తారని కూడా విన్నాను.

పిల్లలూ, నోటిమాటగా చెప్పిన ఆజ్ఞను కాగితం మీద అడగండి. మొహం మాడినా అడగండి. బాగున్న ఫలితాన్ని అయస్కాంతం తీసి చూసినట్టు చూడండి. మీకు ఎవరూ రెండో ప్రశ్న వెయ్యకపోతే, అడగలేదు గదా అని ఊరుకోకండి. జవాబు మీరే చెప్పేయండి.

ఇంటిపేరు

నిజమైన చుక్క రావడానికి పద్మజకు ఏడాది పైనే పట్టింది. ఆ రోజు నన్ను స్టోర్సు నుంచి పిలిపించింది. అయస్కాంతం ఉంటే చుక్క పక్కన పడుతోంది, తీస్తే మధ్యకు వస్తోంది, తిప్పి పెడితే రెండో వైపు పడుతోంది. రికార్డు కాదు, గట్టిగా చెప్పుకునేంత శక్తీ కాదు. కానీ నిజం. నాజిల్ కోటి చేసిందే.

వ్యాసం రాసినప్పుడు, ఊరు విడిచి వెళ్ళిన రామనాథం గారి పేరు మొదట పెట్టమని పైనుంచి మాట వచ్చింది. ఆయన దిద్ది పంపిన ప్రతిలో కోటి పేరు చివర్లో కృతజ్ఞతల్లో కూడా లేదు. పద్మజ ఫోన్ చేసి అడిగితే ఆయన, "ఫిట్టర్ల పేర్లు వేసుకుంటూ పోతే రేపు వాచ్‌మన్ కూడా అడుగుతాడమ్మా" అన్నారు.

"అయితే నా పేరూ తీసేయండి. కొలతలు నావి, నాజిల్ ఆయనది. ఆ రెండూ పోను మిగిలింది మీరు వేసుకోండి" అంది పద్మజ.

మిగిలేదేమీ లేదని ఆయనకూ తెలుసు. కోటి పేరు చేరింది.

వ్యాసం అచ్చయిన రోజు పద్మజ ఊళ్ళో లేదు. ప్రింటు తీసి వర్క్‌షాపుకు నేనే తీసుకెళ్ళాను. ఇంతకాలం కోటి నాతో పని మాటలు తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. చేతులు తుడుచుకుని కాగితం తీసుకున్నాడు. పేర్ల వరుస మీద వేలు పెట్టి జరుపుకుంటూ వెళ్ళి ఒకచోట ఆగాడు.

"సార్, ఇంటిపేరు తప్పేశారు."

చూశాను. వాళ్ళ ఇంటిపేరు చేజర్ల. పత్రికవాళ్ళు చర్ల అని వేశారు.

"పేరైతే వచ్చింది గదా కోటీ" అన్నాను.

"వచ్చింది నా పేరు కాదు గదా సార్. రాయండి వాళ్ళకి."

ఆఫీసు గదిలోకి వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. అతను నా కుర్చీ పక్కనే నిలబడి ఇంటిపేరులో ఒక్కో ఇంగ్లీషు అక్షరం చెప్పాడు. నేను కొట్టాను. పంపబోతుంటే ఆగమని, ఉత్తరం మొదట్నుంచి చివరిదాకా పైకి చదవమన్నాడు.

చదివాను. ఒకచోట తడబడితే మళ్ళీ చదివించాడు. అప్పుడు, "ఆఁ, ఇప్పుడు పంపండి" అన్నాడు.